ఎక్కగానే తలెత్తి నడుము దించేసే గుర్రం: మొండితనమా, నొప్పా?

మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ చెబుతాను, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. భీమవరం దగ్గర ఊళ్లో ఎనిమిది నెలల కిందట ఏడేళ్ల ఆడగుర్రాన్ని కొన్నారు. మార్వాడీ సంకరం. మొదటి రెండు మూడు నెలలు చక్కగా నడిచింది. ఇప్పుడు జీను చూడగానే చెవులు వెనక్కి వాల్చేస్తోంది. ఎక్కగానే తల పైకెత్తి, నడుము గుంట చేసి, పొట్టి పొట్టి అడుగులు వేస్తోంది. పగ్గం లాగితే తల ఇంకా పైకి పోతోంది. దుల్కీకి, అంటే నడక కంటే వేగంగా, పరుగు కంటే నెమ్మదిగా పోయే ట్రాట్‌కి అడిగితే అడ్డం తిరుగుతోంది. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఒకాయన "ముళ్ల కళ్ళెం వేసి, తల కిందికి లాగి కట్టెయ్యి, నాలుగు రోజుల్లో దారికొస్తుంది" అన్నారు. వెయ్యాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

వెయ్యకండి. తల కూడా కట్టకండి. కనీసం ఈ వారం రోజులూ ఎక్కకండి. మొదట్లో బాగా నడిచి తర్వాత మారిపోయిన గుర్రానికి నడవడం రాక కాదు. మధ్యలో ఏదో మారింది. ఎక్కువసార్లు ఆ మారింది నొప్పే అవుతుంది. నోరు, జీను, వీపు, గిట్టలు, మేత, ఆ తర్వాత ఎక్కే మనిషి. ఇవన్నీ చూసి, ఏమీ దొరక్కపోతేనే శిక్షణ గురించి ఆలోచించాలి. మనవాళ్లు సాధారణంగా దీన్ని తలకిందులుగా మొదలుపెడతారు.

నేను డాక్టర్ని కాను. సైన్యంలో రీమౌంట్ వెటర్నరీ కోర్‌లో 22 ఏళ్లు గుర్రాల దగ్గర పనిచేశాను, ఎక్కువ కాలం మీరట్‌లో, కొంతకాలం సహారన్‌పూర్‌లో. ఇప్పుడు పాలకొల్లు దగ్గర మా ఊళ్లోనే రెండు గుర్రాలు పెట్టుకుని ఉంటున్నాను. చుట్టుపక్కల ఎవరి గుర్రమైనా ఇబ్బంది పెడుతుంటే వెళ్లి చూసొస్తుంటాను. కింద రాసేదంతా అలా చూసినవాటి నుంచే.

ముందు అసలు ఆ భంగిమ ఎందుకొస్తుందో చెప్పాలండి. గుర్రానికి మనలా మెడ కింద అడ్డ ఎముక ఉండదు. ముందు కాళ్ల మధ్య ఛాతీ మొత్తం కండరాల మీదే ఉయ్యాలలా వేలాడుతుంది. దాని వెనక వీపు, ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య వేసిన వంతెన లాంటిది. ఆ వంతెన మీద మనం కూర్చుంటాం. పొట్ట కండరాలు బిగించి, మెడ ముందుకు చాచి, వెనక కాళ్లు కడుపు కిందికి తెచ్చుకుంటే వంతెన కొంచెం పైకి లేచి మన బరువు మోస్తుంది. వీపు మీదో, నోట్లోనో, కాళ్లలోనో నొప్పి ఉంటే గుర్రం ఆ పని చెయ్యలేదు. నొప్పి నుంచి తప్పుకోవడానికి తల ఎత్తేస్తుంది. తల పైకి వెళ్తే వీపు కిందికి పోతుంది, వెనక కాళ్లు వెనకే ఉండిపోతాయి. అంటే తలెత్తడం మనకు కనిపించే చివరి ముక్క. దాన్ని తాడుతో కట్టేస్తే మెడ వంగినట్టు కనిపిస్తుంది గానీ వీపు అలాగే దిగి ఉంటుంది, నొప్పి అలాగే ఉంటుంది.

ఇక్కడ ఒక మాట. మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలకు పుట్టుకతోనే మెడ ఎత్తుగా అమరి ఉంటుంది. తల ఎత్తుగా పట్టుకోవడం వాటి తీరు. అది తప్పు కాదు. మీరు చూడాల్సింది మెడ ఎత్తు కాదు, జీను వెనక భాగం. నడుము గట్టిగా చెక్కలా బిగిసిపోయిందా, తోక ఒక పక్కకి పట్టుకుందా, వెనక కాలి అడుగు ముందు కాలి గుర్తు దాకా వస్తోందా, చాలా వెనకే పడుతోందా చూడండి. మన దగ్గర ఊరేగింపుల్లో తలెత్తి, నడుము దించి గెంతే గుర్రాన్ని "భలే ఆడుతోంది" అంటారు. అలా గెంతేవాటిలో కొన్నింటిని దగ్గరగా చూశాను. కళ్ల మీద ముడతలు, బిగిసిన ముక్కు రంధ్రాలు చూస్తే అది హుషారు కాదని తెలిసిపోతుంది.

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది" అని మన సామెత. చిన్నప్పుడు మా తాతగారు అనేవారు, సైన్యంలో చేరిన కొత్తలో నేనూ నమ్మాను. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది వేరు. గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తోందంటే ముందు ఆ నాలుగో కాలు పట్టుకుని చూడాలి.

ఎలా వెతకాలి: ఒక్కొక్కటీ తీసేసి చూడండి

మీరు ఎక్కినప్పుడు గుర్రం మీద ఒకేసారి అరడజను విషయాలుంటాయి: కళ్ళెం, జీను, పొట్టపట్టీ, మీ బరువు, మీ చేతులు, దాని సొంత కాళ్లు. అన్నీ కలిపి చూస్తే ఏది బాధపెడుతోందో తెలియదు. అందుకే అన్నీ తీసేసి, రోజుకొకటి చొప్పున పెట్టి చూడండి. ఎక్కడ మొదలవుతుందో అదే మీ జవాబు.

మొదటి రోజు ఒంటి మీద ఏమీ లేకుండా, మామూలు తలకట్టుతో నడిపించండి. గట్టి నేల మీద, సిమెంటు రోడ్డయితే మంచిది, ఒక మనిషి తాడు వదులుగా పట్టుకుని పక్కన పరిగెడుతుంటే దుల్కీలో మీ వైపు రావాలి, మీ నుంచి దూరంగా పోవాలి. ఫోన్లో వీడియో తీసి నెమ్మదిగా వేసి చూడండి. ముందు కాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేలకు తగిలినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు పడినప్పుడు కిందికి ఊగుతుంది. వెనక కాలైతే ఆ వైపు తుంటి ఎక్కువగా పైకీ కిందికీ కదులుతుంది. తర్వాత పొడవాటి తాడుతో కుడికీ ఎడమకీ గుండ్రంగా తిప్పండి. ఒక వైపే ఇబ్బంది పడుతుంటే అది చాలా పెద్ద ఆధారం, రాసిపెట్టుకోండి.

రెండో రోజు జీను మాత్రమే వేసి, కళ్ళెం లేకుండా, ఎవరూ ఎక్కకుండా అదే పని చెయ్యండి. మూడో రోజు జీను లేకుండా కళ్ళెం మాత్రమే పెట్టండి, పగ్గాలు మెడ మీద వదిలేసి. ఈ మూడు రోజుల్లో ఎక్కడా తల ఎత్తకపోతే, వారం తర్వాత మీకంటే తేలికగా, మీకంటే అనుభవం ఉన్న వాళ్లని తలకట్టు మీదే పది నిమిషాలు ఎక్కించి చూడండి. అప్పటికీ బాగుంటే ఇక మిగిలింది మీ చేతులు, మీ బరువు, మీ కూర్చునే తీరు. ఒక్కో దశలో ఏం జరిగిందో తేదీతో నోటుబుక్కులో రాయండి. ఆడగుర్రం కాబట్టి ఎదకు వచ్చిన రోజులు కూడా గుర్తుపెట్టండి. సుమారు 21 రోజులకోసారి వస్తుంది, అయిదారు రోజులుంటుంది. ఆ రోజుల్లో మాత్రమే చిరాకు పడుతుంటే లెక్క వేరు.

బ్రిటన్‌లో సూ డైసన్ అనే గుర్రాల వైద్యురాలు, ఎక్కినప్పుడు గుర్రం చూపించే 24 ప్రవర్తనలతో ఒక జాబితా తయారుచేశారు. 2018లో బయటికొచ్చింది. చెవులు వెనక్కి వాల్చి ఉంచడం, నోరు పదేపదే తెరవడం, తోక కొట్టుకోవడం, ముక్కు బాగా ముందుకు చాచి తల ఎత్తి ఉంచడం, కళ్ళెం ఒక పక్కకి లాగడం లాంటివి. వాటిలో 8 లేదా అంతకంటే ఎక్కువ కనిపిస్తే ఒంట్లో నొప్పి ఉండే అవకాశం చాలా ఎక్కువని ఆవిడ చెప్పారు. మీరు రాసినదాన్ని బట్టే నాకు నాలుగైదు కనిపిస్తున్నాయి.

నోరు. గడ్డి నమిలి ఉండలుగా కింద పడేస్తోందా? పేడలో గింజలు గింజలుగానే వస్తున్నాయా? తినేటప్పుడు తల ఒక పక్కకి వంచుతోందా? గుర్రం పై దవడ కింది దవడ కంటే వెడల్పు. అందువల్ల అరిగేకొద్దీ పై దంతాలకు బయటి అంచున, కింది వాటికి లోపలి అంచున కత్తిలా మొనలు తేలతాయి. బయటి మొనలు బుగ్గని కోస్తాయి, లోపలివి నాలుకని. మీరట్‌లో ఒక మగగుర్రం కుడి పగ్గం పట్టగానే తల విసిరేది, ఎడమకి మాత్రం వెన్నలా తిరిగేది. దాన్ని మొండిదని రాసేశారు. నోరు తెరిచి చూస్తే కుడి బుగ్గ లోపల అర్ధరూపాయంత పుండు. డాక్టరుగారు మత్తిచ్చి ఆకురాయితో పళ్లు సాపు చేశారు. పుండు మానాక అదే గుర్రం కుర్రాళ్లకి నేర్పడానికి అన్నిటికంటే బాగా పనికొచ్చింది. కొన్ని గుర్రాలకు పై దవడలో నమిలే పళ్ల ముందు ఒక చిన్న పన్ను ఉంటుంది. కళ్ళెం ఇనుము సరిగ్గా దానికే తగులుతుంది. అది ఉందేమో కూడా చూడమనండి. మీ అంతట మీరు చెయ్యి లోపల పెట్టకండి, వేళ్లు పోతాయి.

ఇక ముళ్ల కళ్ళెం సంగతి. నోట్లో పుండున్న గుర్రానికి దాన్ని వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైగా అది చట్టవిరుద్ధం కూడా. 1965లో వచ్చిన లాగుడు, మోత పశువుల పట్ల క్రూరత్వ నిరోధక నియమాల ప్రకారం ముళ్లున్న కళ్ళెం వాడకూడదు. మీకు చెప్పినాయనకి ఈ విషయం తెలియకపోవచ్చు, వీలైతే చెప్పండి. నోటికి సరిపడే మామూలు నున్నటి ఇనుము, పెదాలకు రెండు పక్కలా అర సెంటీమీటరు చోటుండేలా, చాలు.

జీను. మన ప్రాంతంలో నేను చూసినవాటిలో ఎక్కువ ఇబ్బందులు ఇక్కడే ఉన్నాయి, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మనకి ఇక్కడ కొలత తీసి జీను కుట్టేవాళ్లు లేరు. ఎక్కడినుంచో పాతది కొంటాం, అన్ని గుర్రాలకీ అదే వేస్తాం. పైగా మన గాలిలో తేమ. లోపల దూది కూరిన జీను రెండు వర్షాకాలాలు గడిచేసరికి గడ్డలు కట్టేస్తుంది. పైనుంచి చూస్తే తోలు మెరుస్తూనే ఉంటుంది. అడుగు భాగం మీద అరచేయి పెట్టి మెల్లగా జరిపితే గులకరాళ్లలా తగులుతాయి. ఆ గడ్డ మీద మన బరువంతా పడితే గుర్రం వీపు దించుకోక ఏం చేస్తుంది?

కింద ఏ గుడ్డా లేకుండా జీనుని ఉత్త వీపు మీద పెట్టి చూడండి. భుజం ఎముక కదలడానికి అడ్డం రాకూడదు, కాబట్టి దాని వెనకే ఉండాలి. వెనక చివర ఆఖరి పక్కటెముక దాటకూడదు. దాని వెనక ఉన్న నడుముకి మనిషిని మోసే ఆసరా లేదు. మూపు మీద, అంటే మెడా వీపూ కలిసే ఎత్తు చోట, రెండు మూడు వేళ్లు దూరేంత ఖాళీ ఉండాలి, మనిషి కూర్చున్నాక కూడా. వెన్నుపూస మీద ఎక్కడా ఆనకూడదు. ఇరవై నిమిషాలు పనిచేయించి తీశాక చెమట మరకలు చూడండి. చుట్టూ తడిసి మధ్యలో ఒక్కచోట పొడిగా ఉందంటే అక్కడ గట్టిగా నొక్కుతోందని అనుమానించాలి. వీపు మీద కొత్తగా తెల్ల వెంట్రుకలు మొలిచి ఉంటే అక్కడ ఇంతకుముందెప్పుడో నొక్కి చర్మం దెబ్బతిన్నదని అర్థం.

నర్సాపురం వైపు ఒక తెల్ల గుర్రం. పెళ్లిళ్ల సీజనంతా బాగా పనిచేసి, ఉన్నట్టుండి ఎక్కిన ప్రతివాణ్ణీ దించేస్తోందని పిలిచారు. పళ్లు బాగున్నాయి, కాళ్లు బాగున్నాయి, ఉత్తగా తిప్పితే హాయిగా తిరిగింది. జీను వెయ్యగానే నడుము దించేసింది. జీనుని తిరగేసి, ముందు భాగం పొట్టకి ఆనించి, వెనక చివర రెండు చేతులతో నా వైపు లాగాను. లోపల కిర్రుమంది. చెక్క చట్రం పగిలింది. అప్పుడు వాళ్లబ్బాయి చెప్పాడు, నెల కిందట ఆటోలోంచి రోడ్డు మీద పడిందట. చిన్న సంగతే కదా అని ఎవరికీ చెప్పలేదు. ఆ నెలరోజులూ ప్రతి అడుగుకీ ఆ విరిగిన చెక్క దాని వీపుని గిల్లుతూనే ఉంది. మీ గుర్రం మారడానికి ముందు జీను ఎప్పుడైనా పడిందా, మారిందా, కింద వేసే గుడ్డ మార్చారా, ఇంట్లో అందరినీ అడగండి.

వీపు. వేళ్లతో పొడవకండి, పొడిస్తే ఏ గుర్రమైనా ఉలిక్కిపడుతుంది. అరచేయి మొత్తం ఆనించి, వెన్నుకు రెండు పక్కలా మూపు నుంచి నడుము దాకా నెమ్మదిగా, ఒకే ఒత్తిడితో జరపండి. ఎక్కడ కండరం కొట్టుకుంటోంది, ఎక్కడ చటుక్కున దించేస్తోంది చూడండి. తర్వాత ముందు కాళ్ల వెనక, ఛాతీ కింద మధ్య గీత మీద వేళ్లతో మెల్లగా పైకి నొక్కండి. ఆరోగ్యంగా ఉన్న గుర్రం వీపు కాస్త పైకి లేపుతుంది. లేపలేకపోతే, లేదా కరవబోతే, డాక్టరుగారితో వెన్ను ఎక్స్‌రే గురించి మాట్లాడాలి. కొన్ని గుర్రాల్లో వెన్నుపూసల పైకొనలు ఒకదానికొకటి రాసుకుంటుంటాయి. అది పైనుంచి చూస్తే తెలియదు.

గిట్టలు. మన డెల్టా రేగడి నేల గుర్రాల కోసం పుట్టింది కాదు. జూన్ నుంచి నవంబరు దాకా లాయం నేల ఆరదు. ఆ తడిలో నిలబడితే గిట్ట అడుగున మధ్యలో ఉండే మెత్తటి త్రికోణం కుళ్లుతుంది. నల్లటి చీము, భరించలేని వాసన. రోజూ రెండుపూటలా గిట్టలు గీకి శుభ్రం చేసి, పొడి ఊక మీద నిలబెట్టడమే అసలైన మందు. రెండో సమస్య, లాడాలు కొట్టేవాళ్లు మన దగ్గర ఎద్దులకి అలవాటు పడినవాళ్లు. గుర్రానికి ఒకసారి కొట్టిన లాడం ఊడేదాకా వదిలేస్తారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి తీసి గిట్ట చెక్కాలి. లేకపోతే ముందు భాగం పొడవై, మడమ కుంగి, కాలి వెనక ఉండే స్నాయువుల మీద బరువు పడుతుంది. మీరు చివరిసారి ఎప్పుడు చెక్కించారో రాయలేదు. నాలుగు నెలలు దాటి ఉంటే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు అది చేయించండి.

మేత. ఇది రాయడం నాకు కష్టమే, అయినా రాయాలి.

పింఛను మీద ఇంటికొచ్చిన రెండో ఏడాది గౌరి అని ఒక ఎర్ర ఆడగుర్రాన్ని తెచ్చుకున్నాను. మన దగ్గర అందరూ పెట్టేదే పెట్టాను: వరిగడ్డి, కాసిన్ని ఉలవలు, మిల్లు నుంచి తాజా తవుడు. తవుడైతే రోజుకి మూడు కిలోల దాకా. ఒళ్లు నిగనిగలాడింది. అయిదారు నెలలకు సరిగ్గా మీ గుర్రంలాగే తలెత్తడం మొదలుపెట్టింది. ఒకరోజు ముందు కాలు కుంటినట్టు అనిపించేది, మర్నాడు వెనక కాలు, ఇంకో రోజు ఏమీ ఉండేది కాదు. పళ్లు చూపించాను, జీను మార్చాను, ఏమీ దొరకలేదు. ఇరవై రెండేళ్ల అనుభవం నాది, దీనికి బద్ధకం ఎక్కువైందని తీర్మానించేశాను. మూడు నెలలు గట్టిగా పని చేయించాను. కొరడా కూడా వాడాను. అది ఒక్కసారి కూడా నన్ను పడెయ్యలేదు, తలెత్తుకుని నడిచింది.

ఒకరోజు మొహం తుడుస్తుంటే కళ్ల కింద ఎముక రెండు పక్కలా ఉబ్బినట్టు చేతికి తగిలింది. గన్నవరం పశువైద్య కళాశాలకి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరుగారు మొదటి ప్రశ్నే "ఏం పెడుతున్నారు?" అని అడిగారు.

వరి తవుడులో కాల్షియం కంటే భాస్వరం పది రెట్లకు పైగా ఉంటుంది. గుర్రానికి కాల్షియం కనీసం భాస్వరంతో సమానంగా, వీలైతే ఎక్కువగా అందాలి. భాస్వరం మరీ ఎక్కువైతే శరీరం తన ఎముకల్లోంచే కాల్షియం లాగేసుకుంటుంది. దీనికి తోడు వరిగడ్డిలో, నేపియర్ గడ్డిలో ఉండే ఆక్సలేట్లు మేతలో ఉన్న కాస్త కాల్షియాన్నీ అందకుండా పట్టేస్తాయి. ఎముకలు గుల్లబారతాయి, కీళ్లు నొప్పులు పుడతాయి, దవడ నొప్పితో నమలడం తగ్గుతుంది. కుంటు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుంటుంది. రక్తంలో కాల్షియం చూస్తే మామూలుగానే కనిపించవచ్చు, ఎందుకంటే ఎముకలు కరిగి రక్తాన్ని నింపుతుంటాయి. పాడిగేదెకు బలం అనుకునే మేతే గుర్రానికి ఇంత చేటు చేస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

తవుడు మానేశాం. డాక్టరుగారు చెప్పిన మోతాదులో మేతలో కలిపే సున్నపురాయి పొడి ఇచ్చాం. ఎండిన పిల్లిపెసర కొద్దికొద్దిగా అలవాటు చేశాను, మాగాణిలో వరి తర్వాత పండేది. పప్పుజాతి మేత కాబట్టి అందులో కాల్షియం ఎక్కువ. జనుము మాత్రం పెట్టకండి, దాని గింజ గుర్రాలకి విషం. గౌరి మామూలుగా నడవడానికి దాదాపు తొమ్మిది నెలలు పట్టింది. మొహం ఉబ్బు పూర్తిగా పోలేదు. ఆ మూడు నెలలు నేను దాని మీద కూర్చుని చేసినదానికి ఈరోజుకీ నాకు బాధగానే ఉంటుంది. మీకు ఇంత పొడుగు జవాబు రాయడానికి కారణం కూడా అదే.

మీరు ఏం పెడుతున్నారో ప్రశ్నలో లేదు. కొన్న రెండు మూడు నెలల తర్వాత మారిందంటున్నారు కాబట్టి మీ ఇంటి మేతని నేను గట్టిగా అనుమానిస్తున్నాను.

మేతలోనే ఇంకో సంగతి. గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. పొద్దున్న ఇంత దాణా పెట్టి సాయంత్రం దాకా ఖాళీగా కట్టేస్తే కడుపులో పుండ్లు పడతాయి. పొట్టపట్టీ బిగించేటప్పుడు కరవబోవడం దీని గుర్తుల్లో ఒకటి. ఎక్కే ముందు రెండు గుప్పిళ్ల గడ్డి తిననివ్వండి. రోజంతా ఏదో ఒకటి నములుతూ ఉండేలా చూడండి.

జ్వరం కూడా చూడండి. మామూలుగా 37.5 నుంచి 38.5 సెల్సియస్ ఉండాలి. వానాకాలంలో జోరీగలు కుట్టడం వల్ల వచ్చే సర్రా జబ్బులో జ్వరం వచ్చిపోతుంటుంది, కాళ్లకీ పొట్ట కిందా నీరు చేరుతుంది, వెనకభాగం పట్టు తప్పుతుంది. మన గేదెల్లో బయటికి కనిపించకుండా ఉండే జబ్బే ఇది. అనుమానం ఉంటే మీ ఊరి పశువుల ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించండి.

ఎక్కే మనిషి. మీ బరువు రాయలేదు. జీనుతో కలిపి గుర్రం బరువులో అయిదో వంతు మించకూడదన్నది చాలామంది పాటించే లెక్క. నేనైతే ఇంకా తక్కువే చూసుకుంటాను. కాటా లేకపోతే టేపు చాలు. మూపు వెనక ఛాతీ చుట్టుకొలతని సెంటీమీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించండి. భుజం ముందు కొన నుంచి పిరుదు వెనక కొన దాకా ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 11,900తో భాగించండి. చుట్టుకొలత 165, పొడవు 150 అయితే సుమారు 343 కిలోలు వస్తుంది. అలాంటి గుర్రానికి జీనుతో కలిపి 68 కిలోలు దాటితే ఎక్కువే.

నేల మీంచి రికాబు, అంటే జీనుకి వేలాడే పాదం పెట్టే కడియం, పట్టుకుని వేలాడుతూ ఎక్కకండి. ఒక ఎత్తు పీట పెట్టుకోండి. కూర్చునేటప్పుడు ధబ్బున పడకండి. రెండు రికాబులూ విప్పి పక్కపక్కన పెట్టి కొలవండి. తణుకులో ఒక కుర్రాడి గుర్రం అతను ఎక్కితేనే తలెత్తేది, వాళ్ల నాన్నగారు ఎక్కితే మామూలే. చూస్తే ఎడమ రికాబు తోలు సాగి రెండు అంగుళాలు పొడవైంది. ఆ కుర్రాడు పడకుండా ఉండటానికి తెలియకుండానే కుడి పగ్గం మీద వేలాడుతున్నాడు. తోలు మార్చడానికి పది నిమిషాలు పట్టింది.

భయాన్ని నొప్పి అనుకోకండి. భీమవరం వైపు కాబట్టి చెబుతున్నాను. రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు తిరిగే చప్పుడుకి, ఎగిరే నీళ్లకి మంచి గుర్రాలు కూడా తలెత్తి బిగుసుకుపోతాయి. తేడా ఎలా తెలుస్తుందంటే, భయం చోటుని బట్టి వస్తుంది. చెరువు దాటాక పోతుంది. నొప్పి పనిని బట్టి వస్తుంది. ఎక్కడికి వెళ్లినా జీను బిగించగానే, దుల్కీ అడగగానే మొదలవుతుంది. ఎండ కూడా అంతే. మే నెల ఉక్కలో తొమ్మిది దాటాక ఎక్కితే ఏ గుర్రమూ సరిగ్గా నడవదు. ఒంటికి చెమటే పట్టకుండా ఆయాసపడుతుంటే మాత్రం ఆ రోజే డాక్టరుకి చూపించాలి.

కారణం దొరికి, తగ్గాక. వెంటనే మామూలైపోతుందని అనుకోకండి. జీను అంటే నొప్పి అని దానికి గుర్తుండిపోయి ఉంటుంది. కండరాలు కూడా తప్పుడు పద్ధతికి అలవాటు పడి ఉంటాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలు తీసుకోండి. మొదట ఎక్కకుండా, పక్కన నడుస్తూ తిప్పండి. మనకి కొండలు లేవు, కాలువ గట్లు ఉన్నాయి. గట్టు వాలు మీద నడకతో ఎక్కించడం, దించడం వీపుకీ వెనక కాళ్లకీ చాలా మంచిది. తడి లేని రోజు చూసుకోండి. నాలుగు సరుగుడు కర్రలు నేల మీద ఒక్కో అడుగు పడేంత దూరంలో పరిచి వాటి మీదుగా నడిపించండి. కింద చూసుకోవడానికి తల దానంతటదే దించుతుంది. మీరు లాగనక్కర్లేదు. అంతర్వేది, పేరుపాలెం లాంటి తీరాలు దగ్గరైతే పోటు తీసాక గట్టిగా ఉండే తడి ఇసుక మీద నడిపించవచ్చు. పొడి ఇసుకలో పరిగెత్తించకండి, కాలి స్నాయువులు దెబ్బతింటాయి. తర్వాత పది నిమిషాలు ఎక్కండి, పగ్గాలు పొడుగ్గా వదిలి, నడక మాత్రమే. అది మెడ చాచి, ముక్కుతో ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలిన రోజున దుల్కీ అడగండి.

ఇప్పటికి ఇవి చెయ్యండి: తవుడు పెడుతుంటే రోజూ కొంచెం తగ్గిస్తూ వారంలో ఆపండి, జీను తిరగేసి చట్రం చూడండి, మూడు రోజుల పరీక్ష మొదలుపెట్టండి. ఆ తర్వాత ఇక్కడే రాయండి: రోజూ ఏమేం పెడుతున్నారు, ఎంతెంత, చివరిసారి గిట్టలు ఎప్పుడు చెక్కించారు, గట్టి నేల మీద దుల్కీ వీడియోలో తల ఏ కాలికి లేస్తోంది. కళ్ల కింద ఎముకని రెండు పక్కలా బొటనవేళ్లతో తడిమి, ఉబ్బు ఏమైనా తగులుతోందేమో కూడా చెప్పండి. ఉబ్బు తగిలితే నా జవాబు కోసం ఆగకుండా గన్నవరం తీసుకెళ్లండి.